మూడో నెల గండం

చంటిపిల్లల ఏడుపు వినబడితే చాలు, మా సువర్ణ టీచరు నడుస్తున్నదల్లా ఆగిపోయేది. ఆ ఏడుపు ఏ ఇంట్లోంచి వస్తోందో చూసి, చెవులు చిల్లులు పడేలా ఉంటే హమ్మయ్య అనుకుని కదిలేది. గొంతు కాస్త జీరగా ఉందనిపించిందా, ఇక ఆ గుమ్మం ముందే నిలబడి బిడ్డకి ఎన్నో నెల, తల్లి ఏం తింటోంది అని ఆరాలు తీసేది. పక్కన నడిచే నాకు తల కొట్టేసినట్టు ఉండేది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ వాకిట్లో మనకెందుకండీ ఈ పెత్తనం అని విసుక్కునేదాన్ని. విసుక్కున్నా ఆవిడ వినిపించుకుంటే కదా.

నా పేరు విజయకుమారి. ఆ స్కూల్లో కుట్టుపని టీచర్ని. కాజాలు కుట్టడం, ఊలు అల్లడం నేర్పేదాన్ని. గన్నవరం అవతల, కాలవ గట్టు మీద ఉండేది మా ఆడపిల్లల స్కూలు. స్వాతంత్ర్యం వచ్చిన నాలుగైదేళ్ళకి జరిగిన సంగతి ఇది. సువర్ణ రాజోలు వైపు క్రైస్తవుల అమ్మాయి. భర్తా, పొత్తిళ్ళలో పాపా ఒక్క ఏడాదిలోనే పోతే మిషను ఆసుపత్రిలో దొరసాని డాక్టరుగారి దగ్గర కొన్నాళ్ళు పని చేసి, తరవాత టీచరు ట్రైనింగయి మా స్కూలుకి వచ్చింది. ఆ పాప ఎలా పోయిందో ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. నాకు నోరు పెద్దదే గాని, అడక్కూడనివి ఏవో తెలియనంత మొద్దుని కాదు.

శుక్రవారం మధ్యాహ్నం పిల్లలకి ఆరోగ్య పాఠం ఉండేది. మిగతా స్కూళ్ళలో అయితే గోళ్ళు చూసి, పళ్ళు చూసి, గంట కొట్టేస్తారు. సువర్ణ మాత్రం ఒక చేట తెచ్చి బల్ల మీద పెట్టేది. చేటలో ఒక పక్క దంపుడు బియ్యం, ఒక పక్క మిల్లు బియ్యం. ఏవి బాగున్నాయర్రా అంటే పిల్లలంతా ఒక్క గొంతుతో తెల్లవేనండీ అనేవారు. ఊళ్ళో రాఘవులు గారు మిల్లు పెట్టినప్పటినుంచి రోకళ్ళు అటకెక్కాయి మరి. తెల్లటి అన్నం తినడమే పరువు. అప్పుడావిడ ఒక్కొక్కటే అడిగేది. తవుడు ఎవరికి పెడతారు? గేదెకండి. బియ్యం కడుగు ఎవరికి? గేదెకండి. వార్చిన గంజి? అదీ గేదెకేనండి. మరి మీ ఇంట్లో అందరికంటే పుష్టిగా ఉన్నది ఎవరు? ఆ ప్రశ్నకి పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. బలమంతా గేదె తింటోంది, మీరు పిప్పి తింటున్నారు అనేది ఆవిడ. గంజి వార్చకుండా అత్తెసరు ఎలా పెట్టాలో, మునగాకు ఎలా వండాలో, పెసలు ఎలా మొలకెత్తించాలో చేసి చూపించేది. పక్క గదిలో సూదిలో దారం ఎక్కిస్తూ ఆ పాఠాలన్నీ నేనూ వినేదాన్ని.

ముత్యాలు ఆ మిల్లు రాఘవులు గారి రెండో కూతురు. పన్నెండు పదమూడేళ్ళుంటాయేమో, నోట్లో నాలుక లేని పిల్ల. భాద్రపదంలో ఒక శుక్రవారం పాఠం అయ్యాక అందరూ వెళ్ళిపోయినా తను గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. వాళ్ళక్క పార్వతి పురిటికి వచ్చి, శ్రావణంలో మగపిల్లాణ్ణి కన్నది. అది మూడో కానుపు. ముందు పుట్టిన ఇద్దరూ బొద్దుగా, ముద్దుగా ఉండేవారట. మూడో నెల నిండబోతుండగా ఉన్నట్టుండి పాలు తాగడం మానేసి, ఏడుద్దామని నోరు తెరిస్తే చప్పుడు రాక, ఆ పూటకే కళ్ళు మూశారట. ఇద్దరూ ఒకలాగే పోయారు. ఊళ్ళోవాళ్ళు బాలగ్రహం అన్నారు.

"మా అక్క తినేదీ పిప్పేనండి, టీచరుగారండి," అంది ముత్యాలు.

ఏం పెడుతున్నారో సువర్ణ అడిగి తెలుసుకుంది. బాలింత పథ్యం అంటే బుల్లెమ్మగారి చేతిదే. ఆవిడ ఈ పిల్లల తల్లి. పాత బియ్యం మిల్లులో రెండోసారి వేసి మల్లెపువ్వుల్లా ఆడించి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, గంజి చుక్క మిగలకుండా వార్చి, వేడి అన్నంలో నెయ్యీ కారప్పొడీ వేసి పెట్టేది. పప్పు వాతమని, ఆకుకూర జలుబని, మజ్జిగ శీతమని దగ్గరికే రానిచ్చేది కాదు. కూతురంటే ఆవిడకి ప్రాణం. వంటమనిషి ఉన్నా ఆ అన్నం మాత్రం తనే వండేది, తనే పెట్టేది. సొంత మిల్లున్న ఇల్లాయె, అంత తెల్లటి బియ్యం చుట్టుపక్కల ఇంకెవరింట్లోనూ ఉండవు.

వింటూ వింటూ సువర్ణ కుర్చీలో కూలబడింది. మూడో నెల ఎప్పుడు నిండుతుందని అడిగితే, కార్తీకంలోనండి అంది ఆ పిల్ల. ఆ క్షణాన్నుంచి మాకు నెలలు భయం భయంగా గడిచాయి.

రోజూ అక్కకి ఒక గిన్నెడు గంజి పొయ్యమని, దంపుడు బియ్యం వండమని అమ్మతో చెప్పమంది సువర్ణ. చెప్పినందుకు ముత్యాలుకి చెంప పగిలింది. బాలింత గంజి తాగితే బిడ్డకి రొమ్ము పడిశం పడుతుందనీ, అయినా గంజి తాగే గతి మనకేం పట్టిందనీ బుల్లెమ్మగారు కేకలేశారట. సువర్ణ స్వయంగా వెళ్ళింది. ఆవిణ్ణి ఆ ఇంట్లో అరుగు దాటనివ్వరు. అరుగు కిందే నిలబడి, చేతులు కట్టుకుని, తనకి తెలిసినదంతా చెప్పింది. సరేలేమ్మా అని తలుపు దగ్గరగా వేసుకున్నారు.

ఆ తరవాత ముత్యాలు చేసిన పని మాకు ఆలస్యంగా, దసరా ముందు ఆ పిల్లే చెబితే తెలిసింది. గేదె దాణా కుండలోంచి తవుడు తీసి, జల్లించి, అమ్మ కాలవకి వెళ్ళినప్పుడు మూకుట్లో దోరగా వేయించి, బెల్లమూ శొంఠీ కలిపి ఉండలు చుట్టిందట. బాలింతలకి పెట్టే కాయం కూడా అలాంటి ఉండలే. కాయం జాడీ ఖాళీ అవుతున్నకొద్దీ ఇవి అందులో వేస్తూ వచ్చింది. బుల్లెమ్మగారు వాటిని కాయం అనుకుని పొద్దునా సాయంత్రమూ తన చేత్తోనే కూతురికి తినిపించేవారు. పార్వతికి రుచి తేడా తెలియకపోలేదు. చెల్లెలి కళ్ళలోకి చూసి, నోరు మూసుకుని మింగేసింది.

ఓసి నీ అసాధ్యం కూలా, మాటరాని పిల్లవనుకున్నానే అని నేను పగలబడి నవ్వాను. సువర్ణ నవ్వలేదు. బాబుకి ఏ చిన్న నలత చేసినా ఈ పసిదాని గతి ఏమవుతుందో ఆలోచించారా అంది నాతో. అలా అని మానేయమనీ చెప్పలేకపోయింది. మానేస్తే ఏమవుతుందో ఆవిడకే తెలుసు.

అనుకున్నంతా అయింది. దసరా వెళ్ళాక ఒకరోజు బుల్లెమ్మగారికి దగ్గు తెర వస్తే, గొంతు సర్దుకుంటుందని తనూ ఒక ఉండ నోట్లో వేసుకున్నారు. బుద్ధెరిగినప్పటినుంచీ గేదెలకి పెట్టిన చెయ్యి, తవుడు వాసన తెలియకుండా ఉంటుందా? సరిగ్గా ఆ రోజే బాబుకి విరేచనాలు పట్టుకున్నాయి. ఇంకేముంది, కొంప మునిగింది. ముత్యాలు వీపు మీద వాతలు తేలాయి. టీచరుగారి పాఠమనే మాట ఆ పిల్ల నోట బయటపడింది. సాయంత్రానికల్లా ఊరంతా ఒకటే మాట: టీచరమ్మ చిన్నపిల్ల చేత మందు పెట్టించింది. మందు పెట్టడమంటే మా వైపు చేతబడి కిందే లెక్క. ఆ మాట ఒకసారి పుట్టాక దాన్ని పట్టుకుని ఆపడం ఎవరి తరమూ కాదు.

మర్నాడు రాఘవులు గారు స్కూలుకి వచ్చారు. ఆయన గట్టిగా అరిచే మనిషి కాదు. పంచె కుచ్చెళ్ళు సర్దుకుంటూ, పిల్లలంతా చూస్తుండగా, నెమ్మదిగా అన్నారు.

"బాబుకి ఏమన్నా అయ్యిందంటే, టీచరమ్మా, నువ్వు ఈ కాలవ దాటవు."

పై ప్రాణాలు పైనే పోయాయి నాకు. కొట్టేవాడికంటే అలా నెమ్మదిగా మాట్లాడేవాడంటేనే నాకు భయం. ముత్యాలుని ఆ రోజే బడి మాన్పించేశారు. శుక్రవారాలు పిల్లలు సగం మంది రావడం మానేశారు. పాలు పోసే పోలయ్య మేమిద్దరం కలిసుండే ఇంటి ముందునుంచే తల తిప్పుకుని వెళ్ళిపోయేవాడు. సువర్ణ నూతి దగ్గరికి వస్తే ఆడవాళ్ళు బిందెలెత్తుకుని పక్కకి జరిగేవారు. చంటిపిల్లలున్న తల్లులు కొంగులు కప్పేసుకునేవారు. నాకు ఒళ్ళు మండిపోయి నలుగురినీ కడిగేద్దామనుకునేదాన్ని, అంతలోనే ఆయన మాట గుర్తొచ్చి నాలుక వెనక్కి వెళ్ళిపోయేది.

మీ అన్నగారింటికి రాజోలు వెళ్ళిపొండి, ప్రాణం ఉంటే బలుసాకు తినైనా బతకొచ్చు అని నేను రోజూ పోరేదాన్ని. ఆవిడకీ భయమే. అన్నం సగంలో వదిలేసేది, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేది. అయినా కదలలేదు. తవుడు ఉండలు ఆగిపోయి చాలా రోజులైందండి, బాబుకి గొంతు పోయిననాడు నేను లేకపోతే ఎలాగండి అనేది.

కార్తీకం వచ్చింది. రోజూ పొద్దున్నే స్కూలుకి వెళ్ళే ముందు సువర్ణ మిల్లు వీధి చుట్టూ తిరిగి వెళ్ళేది, ఆ ఇంటి వెనక కంచె పక్కన ఒక్క నిమిషం నిలబడి బాబు ఏడుపు వినడం కోసం. తోడు నేను. ఎవరైనా చూస్తే చేతబడికి కాపు కాశారంటారని నేను అటూ ఇటూ చూస్తుండేదాన్ని. లోపలినుంచి కేర్‌మని వినబడగానే ఇద్దరం గుండెల నిండా గాలి పీల్చుకుని గబగబా వచ్చేసేవాళ్ళం. పరాయివాళ్ళ బిడ్డ ఏడిస్తే సంతోషించే రోజు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఒక పొద్దున్న ఏమీ వినబడలేదు. నిద్రపోతున్నాడేమో అన్నాను. సువర్ణ కంచె వదిలిపెట్టలేదు. ఇంతలో కొబ్బరాకుల దడి సందులోంచి ముత్యాలు మొహం కనబడింది. మమ్మల్ని చూసి ఆ పిల్ల దడికి దగ్గరగా వచ్చింది.

"బాబు ఏడుస్తున్నాడండి," అంది. "వినబడటం లేదండి."

అంతే. ఆవిడ నన్ను చూడలేదు, ఎవరినీ అడగలేదు, వీధి గుమ్మంలోంచి తిన్నగా లోపలికి వెళ్ళిపోయింది. నేను వెనకాలే పరిగెత్తాను. నడవలో సాంబ్రాణి పొగ. తాయెత్తులు కట్టే సత్తియ్య వేపమండ పట్టుకుని ఏదో గొణుగుతున్నాడు. లోపలి గదిలో పార్వతి ఒళ్ళో బాబు. వాడి నోరు పూర్తిగా తెరుచుకుని ఉంది, మొహం కందిపోయింది, పెదవులు నల్లబడుతున్నాయి, కడుపు ఎగిరెగిరి పడుతోంది. చప్పుడు మాత్రం లేదు. అలాంటి ఏడుపు నేను అంతకుముందు చూడలేదు, మళ్ళీ చూడకూడదని ఈనాటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను.

బుల్లెమ్మగారు చేతులు చాచి సువర్ణకి అడ్డం నిలబడ్డారు. ఇంకో అడుగు వేస్తే నరికిస్తానన్నారు. ఆవిడ కళ్ళు చూస్తే అన్నంత పనీ చేసేలాగే ఉన్నారు. సువర్ణ ఆగింది. ఆగి, ఆవిడతో కాకుండా వెనకాలున్న పార్వతితో చెప్పింది, అమలాపురంలో డాక్టరుగారి దగ్గర దీనికి సూదిమందు ఉందని, ఇప్పుడే బయల్దేరితే అందుతుందని.

పార్వతి లేచింది. బాలింతరాలు గది గడప దాటకూడదన్న పట్టింపు ఆ ఇంట్లో గట్టిగా ఉండేది. తను తల్లిని పక్కకి తోసి, గడప దాటి, బాబుని తెచ్చి సువర్ణ చేతుల్లో పెట్టేసింది.

"ఇద్దరు ఇలాగే నా ఒళ్ళో పోయేరు నాన్నా," అంది నడవ చివర నిలబడ్డ రాఘవులు గారి వైపు తిరిగి. "బండి కట్టించు."

రాఘవులు గారు వెళ్ళి ఎడ్లని తనే కట్టారు. గూడు బండిలో సువర్ణ, పార్వతి, బుల్లెమ్మగారు, ఒక మూల బాబు బట్టల మూట పట్టుకుని ముత్యాలు. నన్ను ఎవరూ రమ్మనలేదు, అయినా ఎక్కేశాను. ఏమన్నా జరిగితే సువర్ణ ఒంటరిగా ఉండకూడదనుకున్నాను. ఎడ్లని తోలుతున్న ఆ మనిషి వీపు చూస్తూ, దారిలో బాబు పోతే ఈ బండి ఎక్కడ ఆగుతుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. కాలవ పక్కనే ఉంది. నీళ్ళు నిండుగా ఉన్నాయి. సువర్ణ బాబు ఛాతీ మీద అరచెయ్యి పెట్టి ఉంచింది, దారంతా ఆ చెయ్యి తియ్యలేదు. నాలుక మీద పాలు పిండుదామని పార్వతి పోతే, వద్దండి, ఇప్పుడా పాలు వద్దండి అని ఆపింది. బుల్లెమ్మగారు ఆ మాటకి ఆవిణ్ణి పొడిచేసేలా చూశారు.

డాక్టరుగారు బాబు నోరు చూశారు, పెదవులు చూశారు, ఒక సూది వేశారు. తరవాత తల్లికీ ఒకటి వేశారు. తల్లికి ఏం పెడుతున్నారని అడిగారు. బుల్లెమ్మగారు కాస్త గర్వంగానే చెప్పుకొచ్చారు, ఆ పాత బియ్యం, ఆ రెండోసారి ఆడించడం, ఆ వార్చడం, పప్పూ కూరా చూపించకపోవడం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తల్లి తిండిలో ఉండాల్సిన సారం లేదు, పాలలో ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా, బిడ్డ గుండె దెబ్బతినేది అందుకే అన్నారు. మధ్యలో తవుడు తిన్నదని ముత్యాలు చెబితే, అదే కాస్త కాపాడి ఉంటుందనీ, మళ్ళీ పెట్టమనీ చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. ఆయనకి బయట ఇంకా రోగులున్నారు.

ఇక మేమంతా ఆ వరండాలో ఎదురు చూస్తూ కూర్చున్నాం. రాఘవులు గారు స్తంభం పక్కన నిలబడి సువర్ణనే చూస్తున్నారు. ఆవిడ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనే అయి ఉంటుంది. నేనూ నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేశాను. ఎండ వరండాలోంచి మెట్ల మీదకి దిగింది. బాబు పెదవుల నలుపు కొంచెం విడిచిందని పార్వతి అంది, నాకు అలా అనిపించలేదు. ఇంకా కాసేపటికి వాడి గొంతులో కప్ప బెకబెకలాంటిది ఒకటి వినబడింది. సువర్ణ ఒక్కసారిగా వంగి చెవి దగ్గర పెట్టింది. ఆ చెవిలోనే కేర్‌మన్నాడు వెధవ. ఆ కేక వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. పార్వతి భోరుమంది. రాఘవులు గారు మెట్లు దిగి ఎడ్ల దగ్గరికి వెళ్ళిపోయి, అటు తిరిగి నిలబడ్డారు.

సంతోషించనిది బుల్లెమ్మగారు ఒక్కరే. ఆవిడ గోడకి చేరబడి, ఎటో చూస్తూ, వేళ్ళు మడుచుకుంటూ కూర్చున్నారు. అలసట అనుకున్నాను. పొద్దు వాలుతుండగా లేచి సువర్ణ దగ్గరికి వచ్చి, ఎదురుగా నేల మీద కూర్చున్నారు. అరుగు దాటనివ్వని మనిషి ఆవిడకి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు.

"ముందిద్దరి పురుళ్ళకీ ఇదే అన్నం పెట్టేనమ్మా," అన్నారు. "ఇంకా తెల్లగా వండి పెట్టేను. వాళ్ళని నేనే చంపుకున్నానా?"

పొద్దుటినుంచి పడ్డ భయం ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. సువర్ణ నోరు తెరిచింది, మాట రాలేదు. పిల్లలకి అబద్ధం ఆడకూడదని వారం వారం చెప్పే మనిషి. నిజం ఏదో ఆవిడకి తెలుసు, నాకు తెలుసు. బుల్లెమ్మగారు ఆవిడ మొహంలోకి అలాగే చూస్తున్నారు. ఇంకొక్క క్షణం ఆగితే ఆ మౌనమే జవాబైపోయేది.

"కాదమ్మా," అంది ముత్యాలు.

బాబు బట్టలు మడత పెడుతూ, తల ఎత్తకుండా అంది. "వాళ్ళకొచ్చింది వేరే జబ్బంట. టీచరుగారు పాఠంలో చెప్పేరు."

అలాంటి పాఠం ఏదీ లేదు. అన్ని శుక్రవారాలూ పక్క గదిలో కూర్చుని విన్నదాన్ని, నాకు తెలియదూ? ఎవరి వల్ల ఏమైందో ఆ పిల్ల బుర్రకి అంతా తెలుసు. వాళ్ళమ్మ చేత దెబ్బలు తిన్న వీపు ఇంకా మానలేదు. పన్నెండేళ్ళ పిల్ల ఆ సంగతంతా లోపల దాచుకుని, ఇక జన్మంతా మోస్తుందని నాకు తోచింది.

సువర్ణ ఆ పిల్ల వైపు చూసింది. తరవాత బుల్లెమ్మగారి రెండు చేతులూ పట్టుకుంది.

"ఆయ్, వేరే జబ్బేనండి," అంది.

బుల్లెమ్మగారు ఆ చేతుల్లోనే తల పెట్టుకుని ఏడ్చారు. చాలాసేపు ఏడ్చారు. నమ్మారో, నమ్మాలనుకున్నారో నాకు తెలియదు.

మేమిద్దరం ఆ రాత్రికి అమలాపురంలో మా పిన్నిగారింట్లో ఉందామని నడిచి వెళ్తున్నాం. నాకు నోరు ఊరుకోదు కదా. అబద్ధం చెప్పేరేంటండి, మీరు? అన్నాను. ఆవిడ కాలవ వంతెన దగ్గర ఆగి కళ్ళు తుడుచుకుంది.

"నేనూ ఆసుపత్రిలో ఇదే అడిగేనండి, మా పాప నా ఒళ్ళో పోయిన రోజున," అంది. "దొరసానమ్మగారు నిజమే చెప్పేరు."